ముందద్దం మీద కొబ్బరినూనె

మా వంటింట్లో పొయ్యి ఒకటే, వంటవాళ్ళం ఇద్దరం. బుసైతీన్‌లో అబూ జాసిమ్ గ్యారేజీ మీద రెండు గదుల ఇల్లు ఉండేది. ఒక గదిలో నేనూ మా ఆయన ఎడ్వర్డూ, రెండో గదిలో నా తోడికోడలు జీవమ్మా, ఆవిడ భర్త గిడియోన్ బావగారూ కాపురం ఉండేవాళ్ళం. బావగారు మా ఆయనకి పెదనాన్న కొడుకు. ఇద్దరి పనీ కింద గ్యారేజీలోనే. బావగారు ఇంజన్లు విప్పుతారు, మా ఆయన సొట్టలు తీసి రంగు కొడతారు. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒకే కంచంలో తిన్నారట. బహ్రెయిన్ వచ్చి ఒకే వంటింట్లో తినేసరికి ఆ ముచ్చట తీరిపోయింది.

ఫ్రిజ్‌లో సగం ఆవిడది, సగం నాది. హద్దు తెలియడానికని జీవమ్మ ఎర్ర టేపు అంటించింది. ఆ టేపు అప్పుడప్పుడూ ఒక అంగుళం నా వైపు జరిగేది. నేను బట్టలారేసిన రోజే ఆవిడకి ఎండురొయ్యలు వేయించాలనిపించేది. ఆవిడ ఉపవాసం ఉన్న రోజే నాకు బిర్యానీ మీద మనసు పోయేది. ఇందులో ముందు మొదలుపెట్టింది ఎవరని అడిగితే ఇద్దరం ప్రమాణం చేసి చెబుతాం, అవతలి మనిషేనని.

అయితే నోరు జారి తిట్టుకునేవాళ్ళం కాదు. తెలుగు క్రైస్తవ సహవాసంలో ఉన్నవాళ్ళం, పద్ధతి తెలిసినవాళ్ళం. మా తిట్లన్నీ ప్రార్థన మనవుల్లోనే. గల్ఫ్‌లో సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే. చివర్లో ఎవరి మనవి వాళ్ళు లేచి చెప్పుకోవాలి. జీవమ్మ ముసుగు సరిచేసుకుని లేచేది.

"చదువుకున్నామన్న గర్వంతో పెద్దవాళ్ళని లెక్కచేయని సహోదరి ఒకామె మా ఇంట్లోనే ఉందండి. పేరు చెప్పను. ఆమె మనసు మారేలా ప్రార్థించండి."

అందరూ ఒకసారి నా వైపు చూసి కళ్ళు మూసుకునేవాళ్ళు. మరుసటి వారం నేను లేచేదాన్ని.

"పక్కవాళ్ళ కూర మూత తీసి చూసే బలహీనత ఉన్న ఒక సహోదరి కోసమండి. నేనూ పేరు చెప్పను."

సహవాసానికి పెద్ద ఎలియేజరు గారు. సాధువైన మనిషి. మా ఇద్దరి మనవుల్నీ ఒకే గొంతుతో పైకి పంపేసి, పాట మొదలుపెట్టించేసేవారు.

ఇలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, ఒకరోజు మా వంటింటి కిటికీలోంచి గరిటె ఒకటి ఎగిరి కింద పడింది. పడింది నేల మీద కాదు, మా ఆయన అప్పుడే రంగు వేసి ఆరబెట్టిన ఒక పెద్దమనిషి కారు మీద. అది ఎవరి చేతిలోంచి జారిందో ఇప్పటికీ తేలలేదు. గరిటె నాది, ఊపు ఆవిడది.

గ్యారేజీ యజమాని అబూ జాసిమ్ మా మగవాళ్ళకి కఫీల్. అంటే ఆయన సంతకం ఉంటేనే మేమంతా అక్కడ ఉంటాం. ఆయన మమ్మల్ని నలుగుర్నీ కిందికి పిలిచి, ఆ గరిటెని చేత్తో పట్టుకుని, హిందీ, అరబ్బీ కలిపి తీర్పు చెప్పాడు.

"మీ అరుపులకి నా కస్టమర్లు పారిపోతున్నారు. ఇల్లు ఒకటి, పొయ్యి ఒకటి. ఇక నుంచి ఆడమనిషి కూడా ఒకరే. సీజన్ ఆఖరి రేసులో నా కార్లలో ఏది ముందొస్తే ఆ కారు నడిపినవాడిది ఇల్లు. ఓడినవాడు లేబర్ క్యాంపుకి, వాడి పెళ్ళాం ఇండియాకి. ఖలాస్."

ఎవరికైనా ఇది వింతగా ఉండొచ్చు, అబూ జాసిమ్‌ని తెలిసినవాళ్ళకి ఉండదు. ఆయనకి రేసుల పిచ్చి. సాఖీర్‌లో ప్రపంచమంతా టీవీల్లో చూసే పెద్ద రేసులు మొదలైన మరుసటి ఏడాది అది. మా రేసులు అవి కావు. ఆ మైదానం గేటు దాకా కూడా మా కార్లని రానివ్వరు. కర్జకాన్ ఊరు దాటి ఇళ్ళు అయిపోయాక, గట్టి నేలని చదును చేసి, పాత టైర్లు గుండ్రంగా పేర్చిన చోటొకటి ఉండేది. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా అక్కడ శుక్రవారాలు పందేలు. తుక్కుకి పోవాల్సిన కారు తెచ్చి, లోపలి సీట్లు పీకేసి, ఇనప గొట్టాలు అతికి, తలుపులు తెరుచుకోకుండా వెల్డింగ్ చేసేస్తే అదే రేసు కారు. మనిషి కిటికీలోంచి దూరాలి. దూరాక కిటికీకి వల బిగిస్తారు. ముందద్దం మాత్రం ఉండాల్సిందే. ముందు పోయే కారు చక్రాల కింద నుంచి రాళ్ళు ఎగిరొస్తాయి కదా. గుద్దుకోవడం అక్కడ తప్పు కాదు, ఆగిపోవడమే తప్పు.

అబూ జాసిమ్‌కి అలాంటి కార్లు మూడున్నాయి. తెల్ల కొరొల్లా మా ఆయనది, నీలం సన్నీ బావగారిది. రంగు వెలిసిన లాన్సర్‌ని టైర్లు మార్చే లచ్చన్న నడిపేవాడు. లచ్చన్నది జగిత్యాల వైపు. ఉండేది క్యాంపులో. లెక్కకి మూడు కార్లుండాలని కఫీల్ ఎక్కించాడు గానీ, అతను గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు. అతనూ అనుకోలేదు.

"ఇల్లు నీకొస్తే మీ చంద్రవ్వని తెచ్చుకుంటావా లచ్చన్నా?" అని నవ్వులాటకి అడిగాను.

"అది రాదక్కా. దుబాయికొస్తే బర్రెను ఎవలు సూస్తరంటది. నాకన్న బర్రె మీదనే పానం దానికి." వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే.

నాకు మాత్రం నవ్వులాట కాదు. పెళ్ళయ్యాక మొదటి మూడేళ్ళూ మా కాపురం ఫోన్ కార్డుల మీదే నడిచింది. కార్డు గీకి, ఆ పొడుగు నంబరంతా నొక్కి, 'అన్నం తిన్నారా' అని అడిగేసరికి కార్డు అయిపోయేది. మా ఆయన నిద్రలో పళ్ళు కొరుకుతారని నాకు బహ్రెయిన్ వచ్చాకే తెలిసింది. మొదట్లో నిద్ర పట్టేది కాదు. తర్వాత్తర్వాత ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టేది కాదు.

జీవమ్మది నాకన్నా పాత కథ. పిల్లలు ఊళ్ళో హాస్టల్లో ఉన్నారు. పన్నెండేళ్ళ కాపురంలో మొగుడితో ఒక కప్పు కింద ఉన్నది ఈ రెండేళ్ళేనట. ఈ మాట నాతో చెప్పలేదు. దేవుడితో చెప్పుకుంటుంటే గోడ ఇవతల నుంచి విన్నాను. జాలి వేసింది. మర్నాడు ఫ్రిజ్ తెరిస్తే టేపు మళ్ళీ జరిగి ఉంది. జాలి పోయింది.

ఆ తీర్పుతో అన్నదమ్ములకి కూడా మాటలు పోయాయి. బావగారు తన సన్నీ ఇంజన్ని రోజూ విప్పి బిగించేవారు, కొరొల్లాని తాకేవారు కాదు. మా ఆయన కొరొల్లాకి మెరుగు మీద మెరుగు పెట్టేవారు, సన్నీకున్న సొట్ట ఒక్కటి తీసేవారు కాదు. ఫలితంగా మా కారు తళతళలాడేది, పరిగెత్తేది కాదు. వాళ్ళ కారు పరిగెత్తేది, అది ఏ కారో పోల్చుకోవడం కష్టం.

"అన్నయ్యా, స్పీడందుకుంటే వణికిపోతోంది. ఒక్కసారి చెయ్యెయ్యవా?" అని మా ఆయన అడగనే అడిగారు.

"ఇంకో కోటింగ్ ఎయ్యి తమ్ముడూ. వణుకు కనపడదు."

నేను మేడ మీద నుంచి విన్నాను. జీవమ్మ కూడా పక్క కిటికీలోంచి వినే ఉంటుంది, నవ్వింది.

ఆఖరి రేసు ఏప్రిల్లో వచ్చింది. అప్పటికి ఎండ మంటలా ఉంది. ఆ ఉదయం ఆరాధనలో జీవమ్మ లేచి, ఈసారి పేర్లతో సహా మనవి చెప్పింది. భర్త పందెం, ఇల్లు, ఇండియా టికెట్టు, అంతా చెప్పి, "మీరందరూ మైదానానికి రావాలండి. అయ్యగారు మా కారుని అభిషేకించాలండి" అని కళ్ళొత్తుకుంది.

మా సహవాసంలో అది వాడుకే. ఎవరు కారు కొన్నా, సెకండ్ హ్యాండ్‌దైనా, ఎలియేజరు గారు వచ్చి ప్రార్థన చేసి బానెట్ మీద వేలితో చిన్న నూనె సిలువ వేస్తారు. ఆయన జేబులో ఒలీవ నూనె సీసా ఎప్పుడూ ఉంటుంది, కళ్ళ మందు సీసా అంత. సహవాసం వ్యానులో సగంమంది బయల్దేరారు. వాళ్ళలో చాలామందికి ప్రార్థన కన్నా పందెం మీద ఆసక్తి ఎక్కువని నాకు అనిపించింది. అది వాళ్ళకీ దేవుడికీ సంబంధించిన విషయం.

మైదానంలో అప్పటికే అన్ని గ్యారేజీల కార్లూ చేరాయి. అబూ జాసిమ్ తెల్లటి పొడుగు అంగీ, అదే తోబులో, ప్లాస్టిక్ కుర్చీలో, మలుపుకి ఎదురుగా కూర్చున్నాడు. ఎలియేజరు గారు సన్నీ దగ్గర ప్రార్థన ముగించి, బానెట్ మీద బొట్టంత సిలువ వేశారు. జీవమ్మ ఆగలేదు.

"అంతేనా అయ్యగారూ? ఇంత కారుకి అది ఏ మూలకి? అద్దం మీద వెయ్యండి. ఆయనకి ఎదురుగా కనపడాలి."

"నూనె చాలదేమోనమ్మా..."

"నేను తెచ్చానండీ," అంటూ సంచీలోంచి ఊరి కొబ్బరినూనె సీసా తీసింది. తలకి రాసుకునేది. "దీని మీద ప్రార్థన చేసి ఇవ్వండి చాలు."

నేను బి.ఎస్సీ. చదివాను. నూనె మీద దుమ్ము పడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి అంత చదువు అక్కర్లేదు గానీ, చదివాను కాబట్టి ముందుకెళ్ళాను. చాలా నెమ్మదిగా, అందరికీ వినపడేలా చెప్పాను.

"అక్కా, అద్దం మీద వద్దు. నూనెకి దుమ్మంటుకుంటుంది. బావగారికి దారి కనపడదు."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కాకపోతే రెండేళ్ళుగా నేను ఉప్పెక్కువైందంటే ఇంకో చెంచా వేసే మనిషి ఆవిడ.

"చూశారా అయ్యగారూ? చూశారా అందరూ? అభిషేకానికి అడ్డుపడుతోంది!" జీవమ్మ మూత తీసేసింది. "నీ సైన్సు నీ కూరలో వేసుకో క్రిస్టీనా. మా ఆయన దారి దేవుడు చూపిస్తాడు."

అరచేతి నిండా నూనె పోసుకుని, అద్దం ఈ చివర నుంచి ఆ చివరికి ఒక గీత, పైనుంచి కిందికి ఒక గీత, దోసెపెనానికి రాసినట్టు సిలువ రాసింది. ఎండకి అది ధగధగలాడింది.

లోపల వల వెనక నుంచి బావగారు, "ఇంక చాల్లేవే," అన్నారు.

"మీరూరుకోండి. నడిపే పని చూసుకోండి."

ఎలియేజరు గారు న్యాయమైన మనిషి. ఇటు తిరిగారు. "క్రిస్టీనమ్మా, మీ కారుకి కూడా వేద్దామా?"

సహవాసమంతా నా ముఖంలోకే చూస్తోంది. వద్దంటే వచ్చే ఏడాదిదాకా వాళ్ళ మనవుల్లో నేనే ఉంటాను. సరేనంటే మా అద్దమూ అంతే. ఆ క్షణంలో నాకు తట్టినంత తెలివైన మాట నా జీవితంలో మళ్ళీ తట్టలేదు.

"కారుదేముందయ్యగారూ, తుక్కు. మనిషి తల మీద వెయ్యండి. కాపాడాల్సింది మనిషిని కదా."

ఆడవాళ్ళు "ఆమేన్" అన్నారు. ఒకామె నా భుజం తట్టింది. మా ఆయన హెల్మెట్ తీసి తల వంచారు. ఎలియేజరు గారు ఒక చుక్క వేశారో లేదో, జీవమ్మ తన సీసా పట్టుకుని వచ్చేసింది.

"ఆ చుక్కేం సరిపోతుందండీ? మరిదిగారి తల పెద్దది. మా నూనె కూడా పొయ్యండి. మాకేం కుళ్ళు లేదు."

పోయించింది. జుట్టంతా తడిసి చెవుల మీదికి కారింది. దాని మీదే హెల్మెట్ పెట్టేసుకున్నారు మా ఆయన. ఐడియా నాదే కదా, ఎలా కాదంటాను?

లాన్సర్ టైర్ల కింద లచ్చన్న నిమ్మకాయలు పెట్టుకుంటున్నాడు. ఎలియేజరు గారు అతన్నీ అడిగారు, ప్రార్థన చేయమంటావా బాబూ అని.

"జెయ్యుండ్రి సారూ, ఏ దేవునిదైతేంది. కని నూనె వద్దు. నూనె పడితె నాకు సర్ది జేస్తది."

జెండా ఊగింది. లచ్చన్న నిమ్మకాయలు నలిగిపోయాయి, వాటి పని అయిపోయింది.

మొదటి చుట్టులో సన్నీ ఎగిరి పోయింది. జీవమ్మ చేతులెత్తి స్తోత్రం స్తోత్రం అంటూ గంతులేసింది. మా కొరొల్లా దాని వెనకే వణుక్కుంటూ పోయింది. కానీ వాళ్ళకి ముందు వేరే గ్యారేజీల కార్లు అరడజను దాకా ఉన్నాయి. అవన్నీ లేపిన దుమ్ము వచ్చి బావగారి అద్దం మీద నిలబడింది. రెండో చుట్టు తిరిగి మా ముందు నుంచి పోతుంటే చూశాం. అద్దం మీద ఇంత లావు గోధుమరంగు సిలువ, మట్టితో కట్టినట్టు. వెనకెవరో "మహిమ!" అన్నారు కూడా.

అప్పుడు బావగారు వైపర్ వేశారు.

సిలువ పోయింది. అద్దం కూడా పోయింది. ఈ చివర నుంచి ఆ చివరికి పేడ అలికినట్టయింది. పక్కకి తల పెట్టి చూద్దామంటే వల. ఆయన కొట్టే హారన్ మాకు వినిపిస్తోంది. రేసు కారుకి హారన్ ఉంటుందని నాకు ఆరోజే తెలిసింది.

"ఏవండీ, ఇదే టైము, వెళ్ళిపోండి!" అని నేను అరిచాను. ఆ అరిచిన నోరు తెరిచే ఉండిపోయింది. మా కొరొల్లా కూడా తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతోంది. నేను దుమ్ము గురించి ఆలోచించాను గానీ చెమట గురించి ఆలోచించలేదు. ఆ ఎండలో, ఆ హెల్మెట్ లోపల, తల మీది నూనె అంతా చెమటతో కలిసి ఆయన కళ్ళల్లోకి దిగింది. తుడుచుకుందామంటే వేలు దూరే సందు లేదు.

సరిగ్గా అబూ జాసిమ్ కుర్చీకి ఎదురుగా, ఆ మలుపులో, దారి కనపడని సన్నీ వెళ్ళి, కళ్ళు కనపడని కొరొల్లా తలుపులో దూరింది. రెండూ కలిసి టైర్ల గుట్టని గుద్ది ఆగిపోయాయి. కఫీల్ కుర్చీతో సహా వెనక్కి పడి, లేచి, తోబు దులుపుకున్నాడు.

అన్నదమ్ములిద్దరూ వలలు పీకి కిటికీల్లోంచి బయటికి పాక్కుంటూ వచ్చారు.

"కళ్ళు కనపడట్లేదేంట్రా నీకు?" బావగారు రంకె వేశారు.

"కనపడట్లేదన్నయ్యా! మీ ఆవిడ నూనె!" మా ఆయన రెండు చేతులతో కళ్ళు నులుముకుంటున్నారు. "నువ్వేం చూసి గుద్దావు మరి?"

బావగారు ఆయన జుట్టు పట్టుకోబోయారు. చెయ్యి జారింది. మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ జారింది. మా ఆయన కొట్టిన దెబ్బ గాల్లోకి పోయింది, అన్న ఎక్కడున్నాడో ఆయనకి కనపడితే కదా. జనం వీళ్ళని చూడ్డం మొదలుపెట్టి రేసు మర్చిపోయారు.

జనాన్ని ఆపడానికి కట్టిన తాడుకి ఇవతల జీవమ్మ నా మీదికి తిరిగింది. "నీ నోరే! దుమ్ము పడుద్దన్నావు, పడింది!"

"నేను వద్దన్నాను కదక్కా."

"నువ్వు వద్దంటే నేను చేస్తానని నీకు తెలీదూ?"

రెండేళ్ళలో ఆవిడ నా గురించి అంత సరిగ్గా మాట్లాడడం అదే మొదటిసారి. అంతలో మా వెనక నుంచి లచ్చన్న లాన్సర్, క్యాంపుకి సామాన్లు దింపడానికి వెళ్తున్నంత తీరిగ్గా, ఆఖరి చుట్టు పూర్తి చేసుకుని వచ్చి ఆగింది. మొత్తం మీద అది చివరి నుంచి మూడోది. అబూ జాసిమ్ కార్లలో మాత్రం మొదటిది.

కఫీల్ నడుం పట్టుకుని వచ్చి లచ్చన్నకి చెయ్యిచ్చాడు. "మబ్రూక్! ఇల్లు నీది."

"నాకెందుకు సేఠ్? నేను క్యాంపుల మంచిగనే ఉన్న."

"నేను మాటన్నాను. నా కార్లలో ముందొచ్చినవాడిదే ఇల్లు. ఖలాస్."

జీవమ్మా నేనూ ఒకేసారి లచ్చన్న మీద పడ్డాం. మేమిద్దరం ఒకే పని కలిసి చేయడం చూసి ఎలియేజరు గారు ఆశ్చర్యపోయి ఉంటారు.

"లచ్చన్నా, నా తమ్ముడి లాంటోడివి, మా గది మాకు ఉంచు," అంది జీవమ్మ.

"మాకివ్వు లచ్చన్నా, నీకు రోజూ వండి పెడతాను," అన్నాను నేను.

లచ్చన్న హెల్మెట్ తీసి మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. "ఒకలకిస్తే ఇంకొకలు నన్ను బతకనిత్తరా అక్కా? ఇద్దర్ని ఉంచితె నేనే బతక. ఇన్నొద్దులు కింద టైర్లు మార్చుకుంట మీ లొల్లి ఇన్నోన్ని. మా క్యాంపోళ్ళు ఇంకో నలుగురొస్తరు, వంతులేసుకొని వండుకుంటం. ఏమనుకోకుండ్రి."

ఏమనుకోకుండా ఉండడం నా వల్ల కాలేదు. కానీ తప్పు పట్టడానికి వెతికితే అతని మాటలో దొరకలేదు.

కఫీల్ మాట తప్పలేదు. మగవాళ్ళు క్యాంపుకి, ఒకే గదిలోకి. మంచాలు పైనొకటి, కిందొకటి. మా ఇద్దరికీ టికెట్లు తనే కలిపి తీయించాడు. ముహర్రక్ ఎయిర్‌పోర్టులో అన్నదమ్ములు ఒకరికొకరు కనపడకుండా స్తంభానికి చెరోవైపు నిలబడ్డారు. మా ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నూనె ఎరుపు వారం కిందటే పోయింది, ఇది వేరు.

"మళ్ళీ పిలిపిస్తాను," అన్నారు.

"పళ్ళు కొరక్కండి. కింద మంచం బావగారిది, తంతారు," అన్నాను.

టికెట్లు కలిపి తీశారు కాబట్టి విమానంలో సీట్లు కూడా పక్కపక్కనే వచ్చాయి. కిటికీ సీటు నాది. నేను సంచీ పైన పెట్టేలోపు జీవమ్మ అందులో కూర్చుని బెల్టు కూడా పెట్టేసుకుంది. మా ఇద్దరి మధ్య చెయ్యి ఆనించుకునే చోట హ్యాండ్‌బ్యాగ్ నిలబెట్టింది, ఎర్ర టేపులాగా. విమానం లేచింది. కింద బుసైతీన్ వచ్చి, వెళ్ళిపోయింది. ఆవిడ ముఖం అద్దానికి ఆనించి చూస్తూనే ఉంది. భుజాలు కదిలాయి. నేను నా ముందున్న సీటు వీపు చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, బ్యాగులోంచి అదే కొబ్బరినూనె సీసా తీసింది. పెదాలు కదిపి ప్రయాణ ప్రార్థన చేసుకుంది. వేలు ముంచి కిటికీ వైపు చాపింది.

"అక్కా," అన్నాను చాలా నెమ్మదిగా. "అద్దం మీద వద్దు."

వేలు గాల్లోనే ఆగిపోయింది. జీవమ్మ నా ముఖంలోకి చూసింది, అద్దం వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది. నేను ఏది కోరుకుంటున్నానో తేల్చుకోవడానికి ఆవిడ పడిన కష్టం అంతా ఇంతా కాదు. నూనె బొట్టు వేలి చివర వేలాడుతోంది.

చివరికి ఆ వేలిని నా పైట చెంగుకి తుడుచుకుంది.

నేను మోచేత్తో ఆవిడ బ్యాగుని ఒక అంగుళం అటు జరిపాను.